అంగిలి ఫొటోలో పడదు

"వచ్చే ఏడాదికల్లా నా పాలనలో నవ్వలేని పసిబిడ్డ ఒక్కరు కూడా ఉండకూడదు. ఉంటే ఆరోగ్య మంత్రిగా నేను ఊరుకోను!" అని మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. బల్ల మీది మైకులన్నీ ఒక్కసారి ఎగిరి మళ్ళీ కూర్చున్నాయి. ఊరుకోకుండా ఎవరిని ఏం చేస్తారో ఆయన చెప్పలేదు. గొప్పవాళ్ళు అన్నీ విడమర్చి చెప్పరు. మొర్రి పెదవితో పుట్టిన పిల్లలందరికీ ఆపరేషన్లు చేయించే ఈ పథకానికి 'చిరునవ్వు' అని పేరు పెట్టారు. ఆ పేరు కోసం పెద్దలు మూడు సమావేశాలు జరిపారట. ఆపరేషన్లు ఎవరు చేస్తారన్న సంగతి నాలుగో సమావేశంలో, టీ తాగేటప్పుడు గుర్తొచ్చిందట.

ఈ ప్రకటన టీవీలో వస్తున్నప్పుడు ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో ఒక అమ్మమ్మ, పుట్టి నాలుగు రోజులైన మనవరాలిని ఒళ్ళో నిటారుగా పట్టుకుని చెంచాతో తల్లిపాలు పోస్తోంది. పాప పై పెదవి ఎడమ పక్కన ముక్కుదాకా చీలి ఉంది. పోసిన పాలలో సగం ముక్కులోంచి బయటికొస్తున్నాయి. అమ్మమ్మ తుడుస్తోంది, మళ్ళీ పోస్తోంది. ఆవిడ సినిమా హాలు గేటు దగ్గర ముప్పై ఏళ్ళు టికెట్లు చింపి రిటైరైన మనిషి. గేటు తోసుకొచ్చే జనాన్ని నోటితోనే నిలబెట్టిందని పేరుంది. అందుకని టీవీలో మంత్రిగారి కంఠం విని, "డైలాగ్ బాగా చెప్పాడు" అని ఒప్పుకుంది.

అంతలో పిల్లల సర్జన్ వచ్చింది. వార్డులో అందరూ ఆవిడని డాక్టరమ్మ అంటారు.

"దీన్ని గ్రహణం మొర్రి అంటారు కదా డాక్టరమ్మా. మా అమ్మాయి ఏ గ్రహణానికీ గుమ్మం దాటలేదు," అంది అమ్మమ్మ, ఎవరో నేరం మోపినట్టు.

"సూర్యచంద్రులకి వేరే పన్లున్నాయమ్మా. కడుపులో మొహం తయారయ్యేటప్పుడు రెండు పక్కల నుంచీ వచ్చి అతుక్కోవాల్సినవి అతుక్కోలేదు, అంతే. మీ అమ్మాయి తిన్నదాని వల్లా కాదు, తిననిదాని వల్లా కాదు."

ఆ మాట విని మంచం మీదున్న కూతురు గోడవైపు తిరిగి ఏడ్చింది. నాలుగు రోజుల నుంచీ చూడవచ్చినవాళ్ళందరూ ఏం తిన్నావే అని అడిగిపోతున్నారు మరి.

డాక్టరమ్మ చిన్న టార్చి వెలిగించి, వేలితో పాప నాలుకని కిందికి నొక్కి, "పెదవి మీరు చూశారు. ఇది చూడండి," అంది. అమ్మమ్మ వంగి చూసింది. నోటికి పైకప్పులా ఉండాల్సిన అంగిలి మధ్యలో లేదు. అక్కడ సందు ఉంది, ఆ సందు తిన్నగా ముక్కులోకి పోతోంది.

"అందుకే చప్పరించలేకపోతోంది. దీనికి రెండు ఆపరేషన్లు చెయ్యాలి. బరువు పెరిగితే నాలుగో నెలలో పెదవి కుడతాను. అంగిలి మాత్రం ఏడాది దాటకుండా, మాటలు రాకముందే కుట్టాలి. ఆలస్యమైతే గాలంతా ముక్కులోంచి పోయి మాట ముద్దగా వస్తుంది. నోరు ఒకసారి దానికి అలవాటు పడితే తర్వాత కుట్టినా తిప్పడం కష్టం."

"రెండింట్లో ఏది ముఖ్యం డాక్టరమ్మా?"

"పెదవి చూసేవాళ్ళకి. అంగిలి మీ పాపకి."

అమ్మమ్మ చెంచా పక్కన పెట్టేసింది. ఆవిడ ఆస్తి మొత్తం నోరే. తన మనవరాలు నోరు విప్పితే జనం 'ఏంటీ? మళ్ళీ చెప్పు' అంటారన్న ఊహే ఆవిడకి మింగుడుపడలేదు. "మా ఇంట్లో మాట పడ్డవాళ్ళున్నారు గానీ, మాట రానివాళ్ళు లేరమ్మా. ఎలాగైనా టయానికి చెయ్యండి," అని డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

పెదవి సంగతి వైభవంగా జరిగింది. నాలుగో నెలలో మంత్రిగారు స్వయంగా ఆసుపత్రికి వచ్చి, ఆకుపచ్చ గౌను, టోపీ వేసుకున్నారు. మాస్కు గడ్డం కిందికి లాక్కున్నారు, లేకపోతే మంత్రిగారని ఎలా తెలుస్తుంది? కత్తెర అందుకుని థియేటరు గుమ్మానికి కట్టిన రిబ్బను ఒక్క దెబ్బతో, రక్తం చుక్క రాకుండా కత్తిరించారు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత ఆయన వెళ్ళిపోయారు, మిగిలిన చిన్న పని డాక్టరమ్మ చేసింది. చీలిన అంచులు సరిచూసుకుని, పెదవి గీత పెదవి గీతకి కలిసేలా సన్నటి దారంతో కుట్టింది. గాయం మానాక చూస్తే అక్కడొక గీత ఉందని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

పథకం పీఆర్వో చురుకైన మనిషి. బిఫోర్ ఫొటో ముందే తీసిపెట్టుకున్నాడు. ఆఫ్టర్ ఫొటోలో బిడ్డ తప్పనిసరిగా నవ్వాలని రూలు. పీఆర్వో ఎన్ని వేషాలు వేసినా పాప నవ్వలేదు. చివరికి ఆయనకి తుమ్మొచ్చి కళ్ళజోడు ఊడిపడితే నవ్వింది. ఆ నవ్వు బస్సుల వెనకా, కూడళ్ళలోనూ, ఆసుపత్రి గేటు మీదికీ ఎక్కింది. కింద 'నా నవ్వు మంత్రిగారి చలవ' అని రాయించారు. పాప చిన్నదిగా, మంత్రిగారు పెద్దగా ఉన్నారు. ఎవరి చలవో అర్థం కావాలి కదా.

అమ్మమ్మకి వీధిలో గౌరవం పెరిగింది. ఇంట్లో మాత్రం పాప పాలు తాగినప్పుడల్లా ముక్కు తుడుస్తూనే ఉంది. చూడవచ్చినవాళ్ళు 'బంగారంలా అయిపోయిందిగా' అంటే, "పైన పటారం, లోన లొటారం" అనేది.

తొమ్మిదో నెల నిండగానే పాపని చంకనేసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. కూతురికి బట్టల ఫ్యాక్టరీలో సెలవు దొరకదు, అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. డాక్టరమ్మ చూసి, బరువు బాగుంది, చేసేద్దాం అంది. అయితే మత్తు డాక్టరూ, థియేటరూ, కుట్టే దారంతో సహా ఇప్పుడు అన్నీ పథకం కిందికి వెళ్ళాయి. పీఆర్వో సరేనంటేనే థియేటరు తలుపు తెరుచుకుంటుంది.

పీఆర్వో కంప్యూటర్లో చూసి, "మీ కేసు అయిపోయిందమ్మా. నవ్వు కూడా వచ్చేసింది," అన్నాడు.

"అంగిలి మిగిలిపోయింది నాయనా."

"అంగిలికి బిఫోర్ ఫొటో ఏదీ?"

"అది లోపల కదా ఉంటుంది!"

"లోపలిది ఎవరు చూడొచ్చారమ్మా? ఫొటో లేకపోతే లోపం లేనట్టే."

"పిల్ల ఏడ్చినప్పుడు చూడు, గుహలా కనిపిస్తుంది. అప్పుడు తీసుకో."

పీఆర్వో కుర్చీలోంచి లేచాడు. "ఏడుపు ఫొటోనా! పథకం పేరేంటమ్మా?"

"చిరునవ్వు."

"చిరునవ్వు పథకంలో ఏడుపు ఫొటో పెడితే సిస్టమ్ తీసుకోదు. మొహంలో నవ్వుంటేనే తీసుకుంటుంది. మంత్రిగారు దగ్గరుండి పెట్టించిన సాఫ్ట్‌వేర్!"

అయినా ఆయన రాతిగుండె మనిషేమీ కాదు. పాపని పకపకా నవ్విస్తే నోరు బాగా తెరుచుకుంటుందనీ, అప్పుడు అంగిలీ పడుతుంది, నవ్వూ పడుతుందనీ ఉపాయం కనిపెట్టాడు. ఆఫీసంతా పని ఆపేసి రంగంలోకి దిగింది. అయితే పని ఆగినట్టు బయట క్యూలో ఎవరికీ తెలియలేదు. హెడ్ క్లర్కు గాడిదలా ఓండ్రపెట్టాడు. టైపిస్టు ఫైలు నెత్తిన పెట్టుకుని గెంతింది. పదేళ్ళలో ఒక్కరోజు కూడా నవ్వని అకౌంటెంటు నాలుక బయటపెట్టి చెవులు పట్టుకున్నాడు. పాప కిలకిలా నవ్వింది. ఫొటోల్లో కింది రెండు పళ్ళూ, ఎర్రటి నాలుకా బ్రహ్మాండంగా పడ్డాయి.

"నాలుక అడ్డొస్తోంది. కాస్త పక్కకి పెట్టమనండి," అన్నాడు పీఆర్వో, కెమెరాలోంచి కన్ను తియ్యకుండానే.

"నువ్వే చెప్పు నాయనా, నీ మాటైతే వింటుంది."

సిస్టమ్ ఆ ఫొటో తీసుకుంది. తీసుకుని, 'లోపమేమీ లేదు, అభినందనలు' అని జవాబిచ్చింది.

అమ్మమ్మ అంతటితో ఊరుకునే రకం కాదు. మంత్రిగారు ప్రజల కష్టాలు వినే రోజున పొద్దున్నే వెళ్ళి ముందు వరసలో నిలబడింది. ముప్పై ఏళ్ళు క్యూలు నడిపినావిడకి ముందు వరస ఎలా సంపాదించాలో వేరే చెప్పాలా? తన వంతు రాగానే ఒక్క మాట మాట్లాడకుండా పాపకి నాలుగు చెంచాల పాలు పట్టింది. పాప తుమ్మింది. ముక్కులోంచి పాలు వచ్చి మంత్రిగారి తెల్ల చొక్కా మీద పడ్డాయి.

మంత్రిగారు చలించిపోయారు. చొక్కా వంకా పాప వంకా చూసి, అంగిలి అంటే ఏదని అడిగి, తన నాలుకతో తన అంగిలిని తడిమి చూసుకున్నారు. అరవై ఏళ్ళుగా అది అక్కడే ఉందని ఆయనకి ఆ పూటే తెలిసింది. "ఇంత ముఖ్యమైన విషయం నాకెవరూ చెప్పరేం? అంగిలి కూడా పథకంలో ఉండాల్సిందే!" అని గర్జించారు. అమ్మమ్మ చేతులెత్తి దండం పెట్టింది. "ఎలా చేర్చాలో చూడటానికి కమిటీ వేస్తున్నాను," అన్నారు మంత్రిగారు. అమ్మమ్మ చేతులు దించింది.

కమిటీలో ఇద్దరు ఇంజినీర్లనీ, రిటైరైన పెద్ద ఆఫీసరొకాయన్నీ వేశారు. డాక్టర్లని వేస్తే డాక్టర్ల పక్షం వహిస్తారని వెయ్యలేదు. కమిటీ చురుగ్గా పనిచేసి తేల్చిందేమిటంటే, అంగిలి ఫొటోలో పడదు కాబట్టి రుజువుగా గొంతు రికార్డు చెయ్యాలి. ఆపరేషన్‌కి ముందు బిడ్డ ముద్దగా మాట్లాడిన మాట ఒకటి, తర్వాత స్పష్టంగా మాట్లాడిన మాట ఒకటి. జనం మంత్రిగారిని ప్రేమగా 'అన్నా' అని పిలుస్తారు కాబట్టి ఆ మాటే పలికించాలి.

డాక్టరమ్మ పరుగెత్తుకెళ్ళి కమిటీ పెద్దాయన ముందు నిలబడింది. పక్కన అమ్మమ్మ, చంకలో పాప.

"సార్, మాట చెడిపోకూడదనే కదా మాటలు రాకముందే కుడతాం! చెడిపోయేదాకా ఆగమంటారేంటి?"

"చెడిపోకుండానే బాగుచేస్తే, బాగుచేసినట్టు రుజువేంటి డాక్టరుగారూ?" అన్నాడు పెద్దాయన. పక్కనున్న ఇంజినీర్లు ఆ ప్రశ్న లోతుకి తలలూపారు.

"పోనీ ఆ మాటైనా మార్చండి. 'అన్నా' అన్నది ఎటూ ముక్కుతోనే పలుకుతాం. అంగిలి లేకపోయినా వచ్చేస్తుంది. రానిది 'త', 'ప', 'క' లాంటివి."

"అంటే లోపమున్న పిల్లలు కూడా 'అన్నా' అని పిలవగలరన్నమాట! మంత్రిగారు వింటే ఎంత సంతోషిస్తారు!" అని పెద్దాయన ఆ ముక్క రాసుకున్నాడు.

బయటికొచ్చాక అమ్మమ్మ మెట్ల మీద కూలబడింది. "చేతులు కాలేదాకా ఆగితే ఆకులిస్తారట" అని, ఆ వెంటనే ఏడ్చేసింది. మనవరాలు అప్పటికే రోజంతా ఏవో కూతలు కూస్తోంది. ఆ కూతలన్నీ ముక్కులోంచే వస్తున్నాయి. ఒక్కో రోజు గడిచేకొద్దీ పిల్ల నోరు తప్పుదారికి అలవాటు పడుతోందని ఆవిడకి తెలుసు.

తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోన్ చేసింది. మంత్రిగారి అనుచరుడొకాయన చెంప మీది పులిపిరి తీయించుకోవడానికి థియేటరు బుక్ చేసుకుని, ఏదో ఊరేగింపు తగిలి రావడం మానేశాడట. "పాపకి ఇంకేమీ పట్టకండి. వెంటనే తీసుకురండి."

"ఎవరికైనా తెలిస్తే మీ ఉద్యోగం పోదూ?" అంది అమ్మమ్మ ఆసుపత్రి వరండాలో, గొంతు తగ్గించి.

"కనిపించదనే కదా వద్దన్నారు! చేసినా కనిపించదు," అని డాక్టరమ్మ పాపని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసింది. తల్లీ కూతుళ్ళు చేతులు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగాక అమ్మమ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. చివరికి డాక్టరమ్మ మాస్కు లాగేస్తూ బయటికొచ్చి, "రెండు పక్కలా తెచ్చి కలిపాను, బాగా అందాయి. నోట్లో వేళ్ళు పెట్టుకోకుండా మోచేతులకి కట్లు కట్టాను. పలచటి ద్రవాలే పట్టండి, చెంచా లోపలికి పోనివ్వకండి," అంది. కూతురు ఆవిడ కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపింది.

కుట్లు మానాక అమ్మమ్మ పాపకి పాలు పట్టి, అలవాటు కొద్దీ ముక్కు తుడిచింది. గుడ్డ పొడిగానే ఉంది. మళ్ళీ తుడిచి చూసింది. ఆ రోజు ఆ గుడ్డతో ఆవిడ కళ్ళే తుడుచుకుంది.

ఇక పాపకి కావలసింది మాటలు. నెలల తరబడి అమ్మమ్మ డాక్టరమ్మ చెప్పినట్టే 'పా, తా, కా' అని నేర్పుతూ కూర్చుంది. పాప నోరు చూస్తుందే గానీ ఒక్కటీ అనదు. అలా ఉండగా, రిబ్బను కత్తిరించి ఏడాదైందని పథకం తొలి వార్షికోత్సవం వచ్చింది. పీఆర్వో కారేసుకుని ఇంటికొచ్చాడు.

"అదృష్టమంటే మీదేనమ్మా! మన పోస్టరు పాప బిఫోర్ మాటని వేదిక మీద, వేలమంది ముందు లైవ్‌లో రికార్డు చేస్తున్నాం. ఆ తర్వాత మంత్రిగారు అక్కడికక్కడే ఆపరేషన్ మంజూరు చేస్తారు."

అమ్మమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. పిల్ల ముద్దగా మాట్లాడితే ఆపరేషన్ పనిచెయ్యనట్టు. స్పష్టంగా మాట్లాడితే డాక్టరమ్మ పని అయిపోయినట్టు. పాప నోట మాట కోసం ఏడాదిగా కాచుకున్న మనిషి, వేదిక మెట్లెక్కుతూ, ఈ ఒక్కపూట పిల్ల నోరు విప్పకుండా చూడమని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

మంత్రిగారు నిగనిగలాడే నల్లజుట్టుతో లేచి, పథకం సాధించిన విజయాలు వివరించారు. ఆ విజయాల్లో అంగిలి ఒక్కటీ లేదు. పీఆర్వో పాప నోటి ముందు మైకు పెట్టాడు. "బంగారూ, ఈయన ఎవరు? అన్నా అను. అన్నా!"

పాప మంత్రిగారి మొహం చూసింది. మెడ కిందికి వేలాడే చర్మం చూసింది. చెవుల దగ్గర రంగు అందని నాలుగు తెల్ల వెంట్రుకల్ని కాస్త ఎక్కువసేపే చూసింది.

"తాతా!" అంది.

మైదానం నాలుగు మూలలా పెట్టిన స్పీకర్లలోంచి ఆ మాట గంట కొట్టినట్టు వినిపించింది. రాదన్న 'త' ఒకటికి రెండుసార్లు, ముక్కు తగలకుండా, తిన్నగా నోట్లోంచి వచ్చింది. అమ్మమ్మకి భయమూ డాక్టరమ్మ ఉద్యోగమూ ఏమీ గుర్తులేవు. పిల్లని గుండెకి హత్తుకుని వేలమంది ముందు భోరుమంది. మూడో వరసలో డాక్టరమ్మ తల వంచుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

మంత్రిగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఏంటయ్యా ఇది? స్పష్టంగా ఉందే!" అన్నారు.

పీఆర్వో ఊరికే ఆ పదవిలోకి రాలేదు. "ఎక్కడ స్పష్టంగా ఉంది సార్? మిమ్మల్ని చూసి 'అన్నా' అనబోయి 'తాతా' అంది. ఇంతకంటే లోపం ఏం కావాలి?"

మంత్రిగారు ఆలోచించారు. మొహం తేటపడింది. "పాపం, పసిది!" అని కళ్ళు ఒత్తుకున్నారు. కమిటీ పెద్దాయన 'తీవ్రమైన లోపం' అని రాసుకున్నాడు. ఆపరేషన్ అక్కడే మంజూరైంది. పాప 'అన్నా' అనేదాకా, ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు చెయ్యాలని మంత్రిగారు ఉదారంగా హామీ ఇచ్చారు. చప్పట్లు ఆగలేదు.

ఆ ప్రకారం పాప పేరు మీద థియేటరు బుక్కయింది. మత్తు డాక్టరొచ్చాడు, దారమొచ్చింది. పాప వరండాలో బెంచీ మీద కూర్చుని బిస్కెట్టు నమిలింది. దాని బదులు, ఏ మంజూరూ లేని పది నెలల పిల్లాడొకడు లోపలికి వెళ్ళి, అంగిలి కుట్టించుకుని వచ్చాడు. నెల తిరిగాక కమిటీ ఆఫ్టర్ మాట రికార్డు చెయ్యడానికి వచ్చింది. మంత్రిగారి ఫొటో చూపించింది. పాప 'తాతా' అంది. ఆపరేషన్ ఫలించలేదని రాసుకుని మళ్ళీ మంజూరు చేసి వెళ్ళారు. రెండోసారి ఇంకో పిల్ల వెళ్ళింది.

ఈసారి కమిటీ పెద్దాయన వెంట పీఆర్వో పట్టుదలగా వచ్చాడు. చేతిలో ఎర్ర బుడగ ఉంది. వరండా బెంచీ మీద ముగ్గురు తల్లులు ఒళ్ళో చంటిపిల్లలతో కూర్చున్నారు. వాళ్ళు తమ పిల్లల్ని చూసుకోవడం మానేసి ఈ పాప నోటి వంకే చూస్తున్నారు.

"అన్నా అంటే బుడగ నీదే," అన్నాడు పీఆర్వో, మంత్రిగారి ఫొటో పైకెత్తి. "నిన్న వాళ్ళింటికెళ్తే రెండుసార్లు అంది సార్, నేనే విన్నాను," అని కమిటీ పెద్దాయనకి చెప్పాడు.

పాప బుడగ వంక ఆశగా చూసింది. పెదవులు కదిలాయి. అమ్మమ్మ మనవరాలి వీపు మీద చెయ్యి వేసింది.

"అ..." అంది పాప.

ముగ్గురు తల్లులూ బెంచీ అంచుకి జరిగారు. పాప ఫొటో దగ్గరికి వెళ్ళి, మంత్రిగారి చెంప మీద వేలు పెట్టి, అమ్మమ్మ వైపు తిరిగి నవ్వింది.

"తాతా!"

పీఆర్వో నిట్టూర్చి, 'మళ్ళీ మంజూరు' అని రాసుకున్నాడు. బెంచీ మీద మొదట కూర్చున్న తల్లి లేచి, బిడ్డని భుజాన వేసుకుంది.